సముద్రపు గద్దల గూటికి కాపలా: గుడ్డు పెట్టిన నాటి నుంచి పిల్ల ఎగిరేదాకా

గూటికి కాపలా అనగానే టెలిస్కోప్‌కు కన్ను ఆనించి గద్దనే చూస్తూ కూర్చోవడం అనుకుంటారు చాలామంది. నిజానికి కాపలాదారు చూపు సగం సేపు గూటి మీద కాదు, గూటికి వచ్చే దారి మీద ఉండాలి. మంచి ఫొటో కోసం ఇంకో పది అడుగులు ముందుకేసే మనిషి, గూటి పైకి డ్రోన్ ఎగరేసే కుర్రాడు, చెట్టు కింద పడవ ఆపి ముచ్చట్లాడే బృందం. గద్దల సంతానం వీళ్ళ మూలంగా పోయినంత తేలిగ్గా వేరే దేనివల్లా పోదు. పొదిగే పక్షి బెదిరి లేచిపోతే గుడ్డు వానకు చల్లబడుతుంది, ఎండైతే వేడెక్కిపోతుంది. ఆ కాసేపట్లో కాకులు దిగితే కథ ముగిసినట్టే.

ఒక్క గూడు పోతే ఏమవుతుందన్న ప్రశ్నకు బ్రిటన్ చరిత్రలో జవాబుంది. వేట, విషం, సరదా కోసం గుడ్లు పోగేసే అలవాటు కలిసి 20వ శతాబ్దం తొలినాళ్ళకల్లా అక్కడ తెల్లతోక సముద్రపు గద్దను తుడిచిపెట్టేశాయి. 1975లో నార్వే నుంచి పిల్లల్ని తెచ్చి స్కాట్లాండ్‌లోని రమ్ దీవిలో వదలడం మొదలుపెట్టారు. అలా వదిలిన గద్దలకు పుట్టిన తొలి పిల్ల స్కాట్లాండ్‌లోనే ఉన్న మల్ అనే దీవిలో గూడు వదిలి ఎగిరింది 1985లో. ఈ జాతి ఈడుకు రావడానికే సుమారు ఐదేళ్ళు పడుతుంది, ఆ పైన ఏడాదికి ఒకటో రెండో పిల్లలు. అందుకే గుడ్ల దొంగల నుంచి కాపాడటానికి మల్‌లో గూళ్ళకు మనుషుల్ని కాపలా పెట్టాల్సి వచ్చింది. ఆ కాపలాయే తర్వాత సందర్శకులు దూరం నుంచి గద్దల్ని చూసే ఏర్పాటుగానూ పెరిగింది.

ఇక్కడ చెప్పే పద్ధతి తెల్లతోక గద్దకు, ఆసియా తీరాల నుంచి ఆస్ట్రేలియా దాకా ఉండే తెల్లపొట్ట సముద్రపు గద్దకు, ఉత్తర అమెరికాలోని తెల్లతల గద్దకు పనికొస్తుంది. మూడింటి కాలం, ఓర్పు వేరు. కాపలా తీరు మాత్రం ఒకటే.

ముందు అనుమతి

గూడు కనిపించగానే స్నేహితులకు చెప్పకండి. మొదటి ఫోన్ ఆ ప్రాంతపు అటవీశాఖకో, వన్యప్రాణి సంరక్షణ చూసే అధికారులకో వెళ్ళాలి. రెండో ఫోన్ ఆ చెట్టున్న భూమి యజమానికి. ఈ రెండూ కాకుండా మొదలైన కాపలా, ఎంత సదుద్దేశంతో చేసినా, చట్టం దృష్టిలో గూటిని చెదరగొట్టడమే కావచ్చు.

భారత్‌లో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 'వేట' అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే పక్షుల గుడ్లను పాడుచేయడం, గుడ్లనూ గూళ్ళనూ కదిలించడం ఉన్నాయి. బ్రిటన్‌లో 1981 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో, అంటే ప్రత్యేక రక్షణ ఉన్న పక్షుల జాబితాలో, తెల్లతోక గద్ద ఉంది. లైసెన్సు లేకుండా గూటి దగ్గర దాన్ని చెదరగొడితే నేరం, గూటి ఫొటోగ్రఫీకీ ఇదే వర్తిస్తుంది. అమెరికాలో తెల్లతల గద్దకు 1940 నుంచే ప్రత్యేక చట్టం ఉంది.

అనుమతి అడిగేటప్పుడు నాలుగు విషయాలు రాసివ్వండి: ఎక్కడి నుంచి చూస్తారు, రోజుకు ఎంతమంది, ఏ నెల నుంచి ఏ నెల దాకా, ఏదైనా జరిగితే ఎవరికి ఫోన్ చేస్తారు. ఆ నాలుగోది ఒక పేరు, ఒక నంబరు, రాత్రిపూట ఎత్తే ఇంకో నంబరుగా తేలేదాకా పని మొదలుపెట్టకండి. దొంగ చెట్టెక్కుతుంటే ఆఫీసు వేళలు చూసుకుంటూ కూర్చోలేం.

క్యాలెండర్ వేసుకోవడం

ఏ వారంలో గూటిలో ఏముంటుందో ముందే తెలిస్తే మనుషుల్ని ఎప్పుడు ఎక్కువ పెట్టాలో తెలుస్తుంది. తెల్లతోక గద్ద యూరప్‌లో మార్చి, ఏప్రిల్ నెలల్లో గుడ్లు పెడుతుంది, పొదుగుడు దాదాపు 38 రోజులు. తెల్లతల గద్దకు 35 రోజులు. తెల్లపొట్ట గద్దకు ఇంకాస్త ఎక్కువ, ఆరు వారాలు. ఇది భారత తీరాల్లో వానలు తగ్గాక చలికాలం వైపు గుడ్లు పెడితే, దక్షిణ ఆస్ట్రేలియాలో వాళ్ళ చలికాలమైన జూన్ ప్రాంతంలో మొదలుపెడుతుంది. మూడు జాతుల్లోనూ మామూలుగా రెండు గుడ్లు. పొదిగాక పిల్ల ఎగరడానికి పది నుంచి పన్నెండు వారాలు.

లెక్క ఇలా వేయండి. తెల్లతోక గద్ద మార్చి 25న మొదటి గుడ్డు పెట్టిందనుకుంటే 38 రోజులు కలిపితే మే 2, పిల్ల బయటికొచ్చే రోజు. దానికి 75 కలిపితే జూలై 16, ఎగరడానికి అటూ ఇటూగా ఉండే రోజు. ఈ తేదీలకు ముందు వారం, తర్వాత వారం కూడా ఎర్ర గీత గీసి ఉంచండి.

మొదటి గుడ్డు రోజును పట్టుకోవడం మాత్రం అంత తేలిక కాదు. గుడ్డుకు కొన్ని రోజుల ముందు నుంచే ఆడది గూటిలో గంటల తరబడి కూర్చుంటుంది, పుల్లలు సర్దుతుంది, పచ్చి ఆకులు పరుస్తుంది. అది చూసి చాలామంది తొందరపడి తేదీ వేసేస్తారు. ఒంగి, తలా తోకా మాత్రమే కనిపించేంత లోతుగా కూర్చోవడం, ఒకటి లేవగానే నిమిషంలోపే రెండోది వచ్చి కూర్చోవడం, రాత్రి కూడా గూటిలోనే ఉండటం ఈ మూడూ వరసగా రెండు రోజులు కనబడితే, ఆ రెండింటిలో మొదటి రోజును తేదీగా తీసుకోండి. పొదుగుడు మొదటి గుడ్డుతోనే మొదలవుతుంది, రెండో గుడ్డు కొన్ని రోజులు ఆలస్యం. అందుకే పిల్లల్లో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఈ తేడా తర్వాత అవసరమవుతుంది.

కాపలా చోటు ఎంచుకోవడం

ఈ పని గద్దలు గూటి దగ్గర లేని నెలల్లో చేయాలి. కాలం మొదలయ్యాక 'ఇక్కణ్ణుంచి బాగా కనిపిస్తుందేమో' అని తిరగడం మొదటి తప్పు. గూడు కట్టే రోజుల్లో, గుడ్డు పెట్టిన తొలి వారాల్లో ఈ పక్షులు తేలిగ్గా గూడు వదిలేస్తాయి. తెల్లపొట్ట గద్ద ఈ విషయంలో మరీ పిరికిది.

దూరం ఎంత? అమెరికా ప్రభుత్వం 2007లో తెల్లతల గద్ద కోసం ఇచ్చిన మార్గదర్శకాల్లో, నడిచివచ్చే వాళ్ళు గూటికి కనిపించే చోట 330 అడుగులు, అంటే దాదాపు 100 మీటర్లు, దూరంగా ఉండాలని ఉంది. పెద్ద కట్టడం పనులకు 660 అడుగులు. ఆ గద్ద జనానికి కొంత అలవాటు పడ్డది. మిగతా రెండింటికీ 100 మీటర్లు ఏ మాత్రం చాలవు. గూడు కనబడే బయలు నేలలో 500 మీటర్లు కనీసం, పక్షి కొత్తదైతే, ఆ చుట్టుపక్కల జనసంచారం లేకపోతే కిలోమీటరు. మధ్యలో దట్టమైన చెట్లుంటే కొంత తగ్గించవచ్చు. ఎత్తు విషయం మరిచిపోకండి. గూటి కంటే ఎత్తైన గట్టు మీద నిలబడ్డ మనిషి, అదే దూరంలో కింద ఉన్న మనిషి కంటే గద్దను ఎక్కువ భయపెడతాడు.

చోటు ఖాయం చేసే ముందు ఇవి చూడండి:

1. ఉదయం, సాయంత్రం ఎండ ఎటు పడుతుందో చూడండి. సూర్యుడు మీ వెనక ఉంటే గూడు బాగా కనిపిస్తుంది, కానీ ఎదురెండలో మీ లెన్సు తళుక్కుమంటుంది. లెన్సుకు హుడ్ (నీడ పట్టే తొడుగు) తప్పనిసరి.
2. మీ వెనక ఆకాశం కాకుండా చెట్టో, గుట్టో, పొదో ఉండాలి. ఆకాశం నేపథ్యంగా కదిలే మనిషి ఆకారాన్ని గద్ద కిలోమీటరు నుంచే పట్టేస్తుంది.
3. ఆకులు రాలిన చెట్ల మధ్య నుంచి చూసి చోటు ఎంచుకుంటే, చిగుళ్ళు వేశాక గూడు మాయమవుతుంది. ఈ తప్పు ఎంత తరచుగా జరుగుతుందో చెప్పలేం.
4. మీ చోటుకు చేరే దారి గూటి వైపు నడిచేలా ఉండకూడదు. పక్కగా, గద్ద చూస్తుండగా నడవాలి. దాక్కుని, వంగి, నేరుగా దానివైపు వచ్చేవాణ్ణి అది వేటగాడిగా చూస్తుంది.
5. అక్కడి నుంచి గూడొక్కటే కాదు, గూటికి దారితీసే కాలిబాట, రేవు, బండ్లు ఆగే చోటు కూడా కనబడాలి. గూడు ఎంత బాగా కనబడినా దారి కనబడని చోటు కాపలాకు పనికిరాదు.

ఆగి ఉన్న కారు మంచి మరుగు. కారును పట్టించుకోని గద్ద కారు తలుపు తెరుచుకుని మనిషి దిగగానే లేస్తుంది. కారులోంచి చూసేవాళ్ళు కారులోనే ఉండాలి.

సామాను

ఎక్కువ అక్కర్లేదు. 65 నుంచి 80 మి.మీ. ముందు లెన్సున్న స్పాటింగ్ స్కోప్ (పక్షుల్ని దూరం నుంచి చూసే చిన్న టెలిస్కోప్), 20 నుంచి 60 రెట్లు పెద్దది చేసి చూపే ఐపీస్ (కన్ను ఆనించే లెన్సు), కదలని బరువైన ట్రైపాడ్, ఇద్దరికీ చెరో 8×42 (8 రెట్లు, 42 మి.మీ. లెన్సు) బైనాక్యులర్. 60 రెట్లు ఉంది కదా అని తిప్పేయకండి. పొద్దెక్కాక నేల మీంచి వేడిగాలి లేచి 40 రెట్ల పైన బొమ్మ అలల్లా ఊగుతుంది. పిల్లల్ని లెక్కపెట్టే పని తెల్లవారిన మొదటి రెండు గంటల్లో చేసుకోవాలి. సెకన్లు చూపే గడియారం, వానకు తడవని నోటుబుక్కు, పెన్సిలు (పెన్ను తడిలో రాయదు), ఫోను సిగ్నలు లేని చోటైతే వాకీటాకీలు.

ఫోన్‌తో తీసిన ఫొటోల్లో జీపీఎస్ వివరాలు దాగి ఉంటాయి. కాలం మొదలవ్వకముందే బృందంలో అందరి ఫోన్లలో కెమెరాకు లొకేషన్ ఆపించండి. ఫొటోలో గుర్తుపట్టే గుట్ట, టవరు, ఇల్లు పడినా అంతే సంగతులు. గూడున్న చెట్టు ఫొటో పిల్లలు ఎగిరిపోయేదాకా ఎక్కడా పెట్టకూడదు.

షిఫ్టు, లాగ్ పుస్తకం

ప్రతి షిఫ్టుకు ఇద్దరు. ఒకరు గూటి మీద, ఒకరు దారి మీద. ఇరవై నిమిషాలకోసారి పని మార్చుకోవాలి. అంతకు మించి స్కోప్‌లో చూస్తే కన్ను చూస్తున్నా బుర్ర చూడదు. షిఫ్టు నాలుగు గంటలు దాటనివ్వకండి. రోజంతా మనుషులు లేకపోతే తెల్లవారుజాము, సాయంత్రం, సెలవు రోజుల మధ్యాహ్నం ఈ మూడింటినీ ముందు నింపండి. సందర్శకుల తాకిడి సెలవుల్లోనే.

లాగ్‌లో అభిప్రాయాలు కాదు, కంటికి కనిపించింది రాయాలి. 'గద్ద కంగారుపడింది' అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. పొదుగుడు మూడో వారంలో ఒక ఉదయపు పేజీ ఇలా ఉంటే బాగుంటుంది:

06:10 ఆడది గూటిలో, తల పడమరకు. గాలి తక్కువ.
06:44 మగది ఎదుటి ఎండుచెట్టు మీద. కాళ్ళలో చేప, తోకభాగం మిగిలింది.
06:57 మార్పు. గుడ్లు ఖాళీ 50 సెకన్లు. మగది కూర్చుంది.
07:35 మగది లేచి, ముక్కు కిందికి దించి కదిపింది (గుడ్లు తిప్పడం). 20 సెకన్లు.
08:20 కాలిబాటపై ఇద్దరు, కుక్క ఒకటి. గూటికి సుమారు 350 మీ. మగది తల ఎత్తింది.
08:23 మెడ చాచింది. వాళ్ళను ఆపి దిగువ బాటకు మళ్ళించాం.
08:26 వెనక్కి వెళ్ళారు.
08:39 తల దించింది.

ఎనిమిదీ ఇరవై నుంచి ఎనిమిదీ ముప్పైతొమ్మిది దాకా పంతొమ్మిది నిమిషాలు. మనుషులు ఆరు నిమిషాల్లో వెళ్ళిపోయినా పక్షి మామూలు కావడానికి మరో పదమూడు పట్టింది. ఇలాంటి పేజీలు ఒక నెలవి పోగేస్తే ఆ కాలిబాటను ఎన్ని మీటర్ల దగ్గర మూయాలో అధికారులకు లెక్కతో చూపించవచ్చు. బోర్డు పెట్టించేది ఆ లెక్కే. అర్జీలో ఎంత ఆవేదన రాసినా దానంత పని చేయదు.

గద్ద ఏం చెబుతోంది

బెదిరిన గద్ద ఒక్కసారిగా ఎగిరిపోదు. మెట్లు మెట్లుగా చెబుతుంది. తింటున్నదో, ఈకలు దువ్వుకుంటున్నదో ఆపేసి ఒకే వైపు చూడటం మొదటి మెట్టు. మెడ చాచి, లేచి నిలబడటం రెండోది. అరుపు మూడోది. తెల్లపొట్ట గద్ద అరుపు బాతు కూతలా గరగరమంటూ వరసగా వస్తుంది, తెల్లతోక గద్దది కుక్కపిల్ల మొరుగుడుకు దగ్గర. గూడు వదిలి పైన తిరగడం నాలుగు. మొదటి మెట్టులోనే ఏదో ఒకటి చేస్తే గెలిచినట్టు. మూడో మెట్టు దాకా వెళ్ళిందంటే కారణాన్ని అప్పటికప్పుడు తొలగించాలి. ఆ కారణం మీరే అయితే మీరే వెనక్కి తగ్గాలి, మెల్లగా, పక్కకు.

బెదిరిన పక్షి పొదిగే రోజుల్లో పది నిమిషాలైనా తిరిగి రాకపోతే షిఫ్టు ఆపేసి అందరూ ఆ చోటు ఖాళీ చేయడం మంచి నియమం. చలివాన పడుతుంటేనో, మిట్టమధ్యాహ్నపు ఎండైతేనో పది కూడా ఎక్కువే.

మామూలు విషయాలకు కంగారుపడకండి. మగదీ ఆడదీ పని మార్చుకునేటప్పుడు గుడ్లు నిమిషం, రెండు నిమిషాలు ఖాళీగా ఉండటం సహజం. గుడ్లు తిప్పడానికి లేస్తుంది. ఎండ ఎక్కువైతే రెక్కలు సగం విప్పి, నోరు తెరిచి గుడ్లకు నీడ పడుతుంది. అది అలసట కాదు.

పిల్ల బయటికి వచ్చిన సంగతి గూటి అంచు దాటి కనిపించదు, కొన్ని రోజుల పాటు పెద్ద పక్షి తీరులోనే చదవాలి. కూర్చునే ఎత్తు పెరుగుతుంది, మాటిమాటికీ తల వంచి పొట్ట కిందికి చూస్తుంది. అంతకుముందు ఎదుటి చెట్టు మీదే తినేసి వచ్చే మగది చేపను గూటికే తెస్తుంది. ముక్కుతో గోటి ముక్కంత చీల్చి, తల వంచి, కదలకుండా ఒక్క క్షణం ఆగితే పిల్ల నోటికి అందిస్తోందన్నమాట. ఆ రోజు తేదీ రాసుకోండి.

మరో లెక్క. పిల్ల వచ్చే తేదీ దాటి వారం పది రోజులైనా పక్షి పొదుగుతూనే ఉంటే గుడ్లు చెడిపోయి ఉండొచ్చు. చెట్టెక్కి చూద్దామన్న ఆలోచన రాకూడదు. చెడిపోయిన గుడ్డు కూడా చట్టం కింద గుడ్డే. దాన్ని ఎప్పుడు తీయాలి, ల్యాబుకు పంపాలా అన్నది అధికారుల పని. 1950ల తర్వాత డీడీటీ వల్ల పెంకులు పలచబడి ఈ గద్దల గుడ్లు తల్లి బరువుకే పగిలేవన్న సంగతి బయటపడింది అలాంటి పరీక్షల వల్లే.

మనుషులతో మాట్లాడటం

ట్రైపాడ్ చూడగానే జనం ఆగుతారు. కాపలా చోటు దారి పక్కనే ఉంటే, మీరు చూసేది గూటినే అని ఎవరైనా పట్టేస్తారు. అలాంటి చోట స్కోప్‌ను గూటి వైపే గంటల తరబడి గురిపెట్టి ఉంచకుండా మధ్యలో నీటి వైపు తిప్పండి. గూడు గుట్టుగా ఉంచాల్సిన చోట 'ఇక్కడ గద్ద గూడు ఉంది' అన్న బోర్డు కంటే 'ఈ బాట ఫలానా నెల దాకా మూసివేయబడింది, దిగువ బాట వాడండి' అన్న బోర్డు మేలు. అందరికీ తెలిసిన గూడైతే లెక్క వేరు. దాచలేనిదాన్ని దాచబోకుండా, దూరంలో ఒక చూసే చోటు ఏర్పాటు చేసి జనాన్ని అక్కడికి రప్పించండి. పిల్లాడి ఎత్తుకు ట్రైపాడ్ దించి ఒక్కసారి స్కోప్‌లో చూపిస్తే ఆ కుటుంబం ఇంకెవరినీ ముందుకు వెళ్ళనివ్వదు.

వచ్చినవాళ్ళతో మొదటి మాట 'వెళ్ళకండి' అయితే గొడవ మొదలవుతుంది. 'పైన పక్షి గుడ్ల మీద ఉంది, ఇటు నుంచి వెళితే లేచిపోతుంది, అటు వైపు బాట ఉంది' అనండి. కారణం, దారి రెండూ ఒకే వాక్యంలో చెప్పేస్తే పదిమందిలో తొమ్మిదిమంది వింటారు.

పడవలవాళ్ళకు ఒకటే మాట చెప్పండి: వేగం మార్చకుండా దాటిపోండి, ఆగకండి. నడుస్తూ వెళ్ళే పడవను గద్ద రోజూ చూస్తుంది. ఇంజను ఆపి మనుషులు లేచి నిలబడితేనే లేస్తుంది. డ్రోన్ కనిపిస్తే డ్రోన్‌ను కాదు, ఎగరేసే మనిషిని వెతకండి. సాధారణంగా కొద్ది వందల మీటర్లలోనే ఉంటాడు.  వచ్చిన దారినే నెమ్మదిగా వెనక్కి తీసుకెళ్ళమనండి. గద్దలు డ్రోన్‌ను పట్టుకోబోయి రెక్క కోసుకునే ప్రమాదం ఉంది.

గుడ్ల దొంగ అన్న అనుమానం వస్తే అడ్డం వెళ్ళకండి. చెట్టెక్కే తాడు, కాళ్ళకు ఇనుప మేకుల పట్టీలు, దూది పరిచిన డబ్బా, చీకటిపడే వేళ లైట్లు ఆర్పి ఆగిన బండి కనిపిస్తే బండి నంబరు, రంగు, మనుషుల ఆనవాలు, సమయం రాసుకుని పోలీసులకు, అటవీశాఖకు ఫోన్ చేయండి. మీరు కనిపించేలా నిలబడటమే చాలాసార్లు వాళ్ళను వెనక్కి పంపుతుంది.

పిల్లలు పెరిగే వారాలు

తొలి రెండు మూడు వారాలు పిల్ల తన ఒంటి వేడిని తాను నిలుపుకోలేదు. లేత నూగు మాత్రమే ఉంటుంది, తల్లి కింద లేకపోతే వానకూ ఎండకూ తట్టుకోలేదు. పొదిగే రోజుల నియమాలన్నీ ఈ వారాల్లోనూ అలాగే నడవాలి. చాలా బృందాలు పిల్ల పుట్టగానే ఊపిరి పీల్చుకుని మనుషుల్ని తగ్గించేస్తాయి, అది తొందరపాటు.

పెద్ద పిల్ల చిన్నదాన్ని పొడవడం, తిండి దగ్గర తోసేయడం కనిపిస్తుంది. చేపలు బాగా దొరికే ఏడు రెండూ బతుకుతాయి, తిండి తగ్గిన ఏడు చిన్నది చనిపోతుంది. చూడటానికి కష్టంగా ఉన్నా జోక్యం చేసుకోకూడదు. రోజుకు ఎన్నిసార్లు మేత వచ్చింది, ఏ పిల్లకు ఎన్ని ముద్దలు అందాయి అని రాస్తే చాలు. తిన్న పిల్లకు గొంతు కింద ఉబ్బుగా కనిపిస్తుంది. ఆ ఉబ్బు రోజంతా కనిపించని పిల్ల ఆకలితో ఉన్నట్టు.

నాలుగైదు వారాలకు నల్లని ఈకలు నూగులోంచి పొడుచుకొస్తాయి. ఆ తర్వాత నిలబడటం, తానే చీల్చుకు తినడం. ఐదు నుంచి ఏడు వారాల మధ్య అనుమతి ఉన్న నిపుణులు చెట్టెక్కి కాలికి గుర్తింపు రింగు వేయవచ్చు. ఆ రోజు మీరు గడియారం పట్టుకుని, వాళ్ళు చెట్టు మీద ఎంతసేపున్నారో, తల్లి ఎప్పుడు తిరిగొచ్చిందో రాయాలి.

ఎనిమిదో వారం దాటాక రెండో ప్రమాద కాలం. పిల్లకు రెక్కలున్నాయి, బలం లేదు. ఇప్పుడు ఎవరైనా దగ్గరికొస్తే తల్లి లేవడంతో పోదు, పిల్లే భయంతో గూటిలోంచి దూకేస్తుంది. పొదిగే రోజుల్లో ఎంత దూరం పాటించారో ఇప్పుడూ అంతే పాటించాలి. గూటి అంచున రెక్కలు ఆడించడం, కొమ్మ మీదికి గెంతి తిరిగి రావడం మాత్రం మామూలు సాధన.

అడ్డం తిరిగితే

పిల్ల కింద పడితే ముందు దూరం నుంచే స్కోప్‌లో చూడండి. రెండు రెక్కలూ ఒకే ఎత్తులో ఉండి, తల ఎత్తి, కదులుతుంటే వదిలేయండి. ఈకలు వచ్చిన పిల్లకు తల్లిదండ్రులు నేల మీదే మేత తెచ్చిపెడతాయి. కుక్కలు, మనుషులు రాకుండా చూస్తే చాలు. రెక్క వేలాడుతున్నా, రక్తం కనిపిస్తున్నా, ఈగలు ముసురుతున్నా, ఈకలు రాని పిల్ల అయినా అధికారులకు చెప్పండి. వాళ్ళు తెమ్మంటేనే పట్టుకోవాలి. వెనక నుంచి మందపాటి దుప్పటి తలతో సహా కప్పి, మొదట కాళ్ళను అదుపులోకి తీసుకోండి. ముక్కు కాదు, గోళ్ళే ప్రమాదం. గాలి ఆడే చీకటి పెట్టెలో ఉంచి, నీళ్ళు, తిండి నోట్లో పెట్టకుండా వైద్యుడి దగ్గరికి చేర్చాలి.

చేపల గాలపు దారం కాలికి చుట్టుకున్న పిల్ల, గూటిలో ఎగరలేక వేలాడే పక్షి కనిపిస్తే అది ఎక్కడం తెలిసిన నిపుణుల పని. మీరు చేయాల్సింది స్పష్టమైన ఫొటో, సరైన సమయం. గాలపు దారాలు, వలముక్కలు ఏరే పని గద్దలు లేని నెలల్లో పెట్టుకోండి.

చనిపోయిన గద్దను తాకకండి. బర్డ్ ఫ్లూ కావచ్చు, 2022లో స్కాట్లాండ్‌లో తెల్లతోక గద్దలు కూడా దాని బారిన పడ్డాయి. విషం కూడా కావచ్చు. గోళ్ళు బిగుసుకుని, దగ్గర్లో చచ్చిన మాంసం ముక్క ఉంటే విషమనే అనుకుని పనిచేయండి. చుట్టూ ఉన్న వస్తువులు కదపకుండా ఫొటో తీసి, కుక్కల్ని, పిల్లల్ని దూరంగా ఉంచి, పోలీసులు వచ్చేదాకా అక్కడే ఉండండి.

గాలివానకు గూడు కూలితే ఆ ఏడు అంతే. ఇవి పాత గూటి మీదే ఏటా పుల్లలు పేర్చుకుంటూ పోతాయి కాబట్టి పాత గూడు చాలా బరువెక్కుతుంది, కొమ్మ పంగ విరిగిపోతుంది. పాత చోటే కృత్రిమ వేదిక కట్టాలా అన్నది తర్వాతి నెలల్లో నిపుణులతో కూర్చుని నిర్ణయించాలి. గుడ్లు తొలిరోజుల్లోనే పోతే ఆ జత మళ్ళీ పెట్టే అవకాశం ఉంది, చాలాసార్లు దగ్గర్లోనే ఉన్న ఇంకో గూటిలో. గుడ్లు పోయాయి కదా అని కాపలా అప్పుడే ఎత్తేయకండి, కనీసం నెల కొనసాగించండి.

ఎగిరిన తర్వాత

మొదటి ఎగురుడుతో పని అయిపోదు. కొత్తగా ఎగిరిన పిల్లకు వాలడం రాదు, చిన్న కొమ్మ మీద దిగి జారి కిందపడుతుంది, వేటాడటం అసలే రాదు. వారాల తరబడి, కొన్నిసార్లు మూడు నాలుగు నెలలు తల్లిదండ్రులే పెడతాయి. సిడ్నీ ఒలింపిక్ పార్కులోని తెల్లపొట్ట గద్దల గూటికి కెమెరా పెట్టి ఏళ్ళుగా చూస్తున్నారు. అక్కడ గూడు వదిలిన పిల్లల్ని కరవాంగ్ అనే పక్షులు గుంపుగా తరిమేసి, తల్లిదండ్రులకు దూరంగా, తిండి అందకుండా చేసిన సందర్భాలు నమోదయ్యాయి. కాకులున్న చోట ఇదే పని కాకులు చేస్తాయి. పిల్ల ఏ చెట్టు మీద రాత్రి గడిపిందో, మర్నాడు మేత అందిందో లేదో ఈ వారాల్లో లాగ్‌లో రాయండి.

మూసిన బాటను పిల్ల ఎగిరిన రోజే తెరవకండి. ఎగిరాక కనీసం మూడు వారాలు, పిల్ల నమ్మకంగా గూటి చెట్టు దాటి వెళ్ళి వస్తోందని లాగ్‌లో కనిపించేదాకా బోర్డు ఉండాలి. బోర్డు తీసేశాక అదే వారంలో లాగ్ పుస్తకం నకలు అధికారులకు ఇవ్వండి. గుడ్డు పెట్టిన తేదీ, పిల్ల వచ్చిన తేదీ, ఎగిరిన పిల్లల సంఖ్య, చెదిరిన సందర్భాలు, వాటి దూరాలు మొదటి పేజీలోనే ఉండాలి. వచ్చే ఏడు కాపలా చోటు మార్చాలంటే, ఆ పుస్తకం చూసి, గద్దలు తిరిగి పుల్లలు మోయడం మొదలుపెట్టకముందే మార్చేయండి.